పడవపాటలో ఒక ఊపిరి

మొన్న మారతహళ్ళిలో మా మనవరాలి దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చాను. ఆ పిల్ల పొద్దస్తమానం మంచం మీద మఠం వేసుకుని ఆఫీసు పని చేస్తుంది, పని చేస్తూనే చెవుల్లో గుండీల్లాంటివి పెట్టుకుని పాటలు వింటుంది. ఇప్పుడేదో కొత్త సినిమా వచ్చిందట. ఇంకా కాలేజీ కూడా దాటని పిల్లా పిల్లాడూ ప్రేమించుకోవడం, పెద్దవాళ్లు అడ్డం పడడం. ఊరంతా ఆ పాటలే. లిఫ్టులో కుర్రాళ్లు, కింద కూరగాయల బండి దగ్గర ఆడపిల్లలు అందరూ అవే కూనిరాగాలు. "విను అవ్వా, ఏడుపొచ్చేస్తుంది" అని ఒక గుండీ తీసి నా చెవిలో పెట్టింది. నాకు ఏడుపు రాలేదు. ఈ వయసులో ప్రేమపాట వింటే నిద్ర వస్తుంది. కానీ పాట చివర్లో పదిమంది గొంతులు కలిశాయి. నేను లేచి కూర్చున్నాను. "ఈ వెనక పాడేవాళ్లు ఎవరే?" అని అడిగాను. "వెనక ఎవరూ లేరు అవ్వా. ఒకడే పాడతాడు, కంప్యూటర్లో వాణ్ణే పదిమందిని చేస్తారు. ఊపిరి పీల్చే చప్పుడు కూడా నీట్‌గా కోసేస్తారు" అంది, అదేదో గొప్పతనమైనట్టు. తలనొప్పిగా ఉందని గుండీ తీసి ఇచ్చేశాను. తలనొప్పి ఏమీ లేదు. ఆ పిల్లకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

కబ్బన్‌పేటలో మాది మగ్గం ఇల్లు. వీధిలోంచి ఒక్క మనిషి పట్టే సందు, సందు చివర మా తలుపు, తలుపు తీస్తే ఎదురుగా మగ్గం. మనుషులు మగ్గం చుట్టూ ఒదిగి బతకాలే తప్ప మగ్గం మనుషుల కోసం జరగదు. మా నాయన మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటే నడుం పైనుంచి మాత్రమే కనిపించేవాడు. చాలా చిన్నప్పుడు మా నాయనకు కాళ్లు లేవనే అనుకున్నాను, ఇది నిజం. ఇల్లంతా సబ్బునీళ్లలో ఉడికిన పట్టు వాసన, గంజి వాసన, పక్క ఇంట్లోంచి కాఫీ గింజలు వేయించే వాసన. ఈ మూడూ కలిసి మా బట్టలకు పట్టేవి, బడిలో పిల్లలు మమ్మల్ని వాసన చూసి గుర్తుపట్టేవాళ్లు. మా అవ్వ గడప దగ్గర కూర్చుని చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటూ, వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ తిట్టాల్సినవాళ్లు, తిట్టకూడనివాళ్లు అని వేరుచేసేది. అమ్మ తెల్లవారకముందే రాగిసంగటి కెలికి, ఆ చేతులు కడుక్కుని రాట్నం ముందు కూర్చునేది. నా పని కండెలు చుట్టడం. చుడుతూ చుడుతూ పాడేదాన్ని. మా ఇళ్లలో అందరూ పాడతారు, లేకపోతే ఆ పని చెయ్యలేరు.

అయితే మగ్గం మీద పాడడం వేరు. కాలి కింది చెక్క తొక్కితే పడుగు విడివడుతుంది, ఆ సందులోంచి నూలు కండె పెట్టిన నాడె దూసుకుపోతుంది, పలక వచ్చి పేకను గుద్దుతుంది. తొక్కేటప్పుడు ఊపిరి పీల్చి బిగబట్టాలి, గుద్దాక వదలాలి. పాట ఎక్కడున్నా సరే, మాట సగంలో ఉన్నా సరే, ఊపిరి మాత్రం మగ్గం చెప్పినప్పుడే. అందుకే మగ్గంవాళ్ల పాటలో మాటలు అక్కడక్కడ తెగుతాయి. మా మగ్గానికి ఇంకొక జబ్బు కూడా ఉండేది. ఎడమకాలి చెక్క మొరాయించేది. దాన్ని కొంచెం గట్టిగా, కొంచెం ఎక్కువసేపు తొక్కాలి. అందుకని మా నాయన పాడితే మొదటి ఊపిరి పొట్టిది, రెండో ఊపిరి సాగేది. మా అన్నకూ అంతే.

మా అన్న పేరు నారాయణ, ఇంట్లో నారణ. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. వాడి గొంతు ఎలాంటిదో చెప్పమంటే నాకు చేతకాదు. వాడు భజనలో పాడుతుంటే మా అవ్వ తిట్టడం ఆపేది, అంతవరకు చెప్పగలను. భజన చెప్పే అయ్యవారు మాత్రం తల కొట్టుకునేవాడు. "ఇంత మంచి గొంతు ఇచ్చినాడే దేవుడు, మాటని యాల అప్పా నడిమధ్యన నరుకుతావు?" అని. నారణ నవ్వేవాడు. యుద్ధం రోజుల్లో పట్టునూలు అంతా విమానాల్లోంచి దూకే గాలి గొడుగుల కోసం దొరలు పట్టుకుపోయారు, మా వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. అప్పుడు వాడు నాటకాలవాళ్ల వెంట పడ్డాడు, పాట రుచి తెలిసింది. యుద్ధం అయిపోయి నూలు మళ్లీ వచ్చింది కానీ వాడు మగ్గానికి రాలేదు. ఒకరోజు మా నాయన బలవంతంగా గుంతలో కూర్చోబెట్టాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేసి, నాడె కింద పెట్టి, "నా వల్ల గాదు నాయినా" అని లేచాడు. మా నాయన, "దిగితే దిగు. మళ్లా ఈ గుంతలో కాలు పెట్టబాకు" అన్నాడు. ఇలాంటి మాటలు మా వీధిలో ప్రతి ఇంట్లో ప్రతి రోజూ అనుకునేవాళ్లు. సాయంత్రానికి సంగటి ముద్ద దగ్గర అందరూ మరిచిపోయేవాళ్లు. వాడు మరిచిపోలేదు. అంగీ తొడుక్కుని సందులోంచి వెళ్లిపోయాడు.

తరువాత మా ఇంట్లో జరిగినదాన్ని బతకడం అనలేను. వాడు మద్రాసులో ఉన్నాడని ఒకరు, హొసకోటె సంతలో చూశామని ఒకరు, మిలిటరీలో చేరి ఓడ ఎక్కాడని ఇంకొకరు. మద్రాసులో కలరా వచ్చిందని విన్న రోజు మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. చూశామన్న ప్రతివాడి ఇంటికీ పోయి, "మొగం చూస్తివా, వీపు చూస్తివా?" అని అడిగేది. వీపు అంటే ఊరికే తల ఊపి వచ్చేసేది. మొహం అంటే అక్కడే కూలబడేది. వాడి వాటా సంగటి రోజూ గిన్నెలో మూతపెట్టి ఉంచి, మరునాడు పొద్దున మజ్జిగలో కలిపి తనే తాగేది. వేరే తిండి తగ్గించేసింది. మా నాయనతో మాట్లాడడం మానలేదు, మానేసి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది. "ఉప్పు సరిపాయనా?" అని మామూలుగా అడిగేది. ఆయన తల వంచుకుని తినేవాడు. ఉన్నాడా, పోయాడా. ఆ ఒక్క ముక్క తెలియకుండా మనిషి ఎన్నాళ్లు లేచి ఇల్లు ఊడ్చుకోగలదో మా అమ్మను చూసి నేర్చుకున్నాను. అది ఏ పిల్లా నేర్చుకోకూడదు.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. పేరు ఎందుకు లెండి. పదహారేళ్ల పిల్ల, పద్దెనిమిదేళ్ల పిల్లాడు, మధ్యలో ఏరు. అతనిది ఈ ఒడ్డు, ఆమెది ఆ ఒడ్డు. మా వీధిలో ఆడవాళ్లు ఎప్పుడూ కలిసి గుడికి పోయేవాళ్లు, ఆ సినిమాకు కూడా అలాగే కలిసి పోయి వచ్చారు, మా ఇంటివాళ్లం తప్ప. పాటల ప్లేట్లు కాఫీపొడి సుబ్బణ్ణ ఇంటికి వచ్చాయి. మా పక్క ఇల్లే. గ్రామఫోను ఉన్నది వీధి మొత్తానికి ఆయన దగ్గరే. సాయంత్రం కీ తిప్పితే వీధిలో పడుచుపిల్లలంతా ఆయన అరుగు మీద వాలేవాళ్లు. నాయిక పాడే పాట నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. కండెలు చుడుతూ దాన్ని పాడితే మా అవ్వ వక్క దంచే రోకలి చూపించి, "ఒడ్డు దాటాలని ఉండాదా నీకి గూడా? కాళ్లు ఇరగ్గొడతాను" అనేది. నేను నోరు మూసుకుని మనసులో పాడుకునేదాన్ని. ఇల్లు అలా తగలబడుతున్నా నాకు ప్రేమపాటలు తియ్యగానే ఉండేవి, పన్నెండేళ్లు కూడా లేని పిల్లను మరి.

ఒక మధ్యాహ్నం సుబ్బణ్ణ భార్య సీతక్క పరుగున వచ్చింది. ఆమె తమ్ముడు మద్రాసులో ఏదో సినిమా కంపెనీలో పని చేస్తాడు, ఆ రోజే వచ్చాడు. "అక్కా, ఆ పిచ్చరులో పడవపాట ఉండాది చూడు, ఎనకాల గుంపుగా పాడతారే, ఆ గుంపులో మగ్గం ఇండ్ల పిల్లోడు ఒకడు ఉండాడంట. ఈ పక్కనించి పోయినోడేనంట. పేరు తెలీదనె" అంది. అమ్మ చేతిలో రాట్నం ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపకుండానే లేచి, కొంగు కూడా సర్దుకోకుండా పక్క ఇంటికి పోయింది. నేను వెనకాలే.

సుబ్బణ్ణ మంచివాడే కానీ ప్లేట్ల విషయంలో పిసినారి. యుద్ధం అయిపోయినా ఇనుప సూదులు ఇంకా దొరకడం లేదు, ఆయన తుమ్మముళ్లను నూనెలో నానబెట్టి, ఎండబెట్టి, కొన చెక్కి సూదికి బదులు పెట్టేవాడు. పడవపాట పెట్టాడు. ముందు నాయకుడు, తరువాత నాయిక, తెడ్డు నీళ్లలో పడే చప్పుడు, ఆ తరువాత పడవవాళ్లు అందరూ ఒక్కసారిగా. మూడు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, "ఇంగొక తూరి వెయ్యప్పా" అంది. వేశాడు. "ఇంగొక తూరి." మళ్లీ వేశాడు. ఎన్నిసార్లో లెక్క లేదు. నాకు అన్ని గొంతులూ ఒకటిగానే వినిపించాయి. ఉన్నట్టుండి అమ్మ చెయ్యి ఎత్తింది.

"ఆడ! ఆడ చూడండి! అందురూ మాట పట్టుకొని ఉండారు, ఒకడు ఇడిసిపెట్టి ఊపిరి తీసుకొనె! వాడే నా కొడుకు!"

సుబ్బణ్ణ మళ్లీ పెట్టాడు. ఈసారి నాకూ వినిపించింది. అందరూ ఒక మాటను సాగదీస్తుంటే, దాని నడుమన ఒక గొంతు తెగింది, మళ్లీ అతుక్కుంది. తరువాతి చరణంలో మళ్లీ తెగింది, ఈసారి కొంచెం ఎక్కువసేపు.  అమ్మ అప్పటికే మా ఇంట్లోకి పోయి మా నాయనను గుంతలోంచి చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. పెళ్లయినప్పటినుంచి ఆమె నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకున్నది అదే మొదలు అనుకుంటాను.

మా నాయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. నేను ఆయన మొహం చూడలేక కాళ్లు చూశాను. చూస్తుండగానే ఆయన కుడికాలు నేలను నొక్కింది, తరువాత ఎడమకాలు. ఎడమకాలు కొంచెం గట్టిగా, కొంచెం ఎక్కువసేపు. సరిగ్గా ఆ కాలి నొక్కులోనే ఆ గొంతు ఊపిరి పీల్చింది. మా నాయన అక్కడే నేల మీద కూర్చుని, పైపంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మన మగ్గమే," అన్నాడు. "మన మగ్గం ఊపిరే అది." మా అవ్వ మాత్రం గోడ అవతలినుంచి, "ఇల్లలకతానే పండగ గాదు. సొల్ప తాళండి" అని అరిచింది. ఎవరూ కొంచెం కూడా ఆగలేదు. ఆ సాయంత్రం మా అమ్మ పొయ్యి మీద బెల్లం పాయసం ఉడికింది. వీధిలో అందరికీ పంచి, గిన్నె అడుగున మిగిలింది తను తిన్నది.

కానీ ఆ తరువాత మొదలైంది అసలు నరకం. ఉన్నాడని తెలిశాక అమ్మకు ఆకలి ఇంకా పెరిగింది. రోజూ పనులు తొందరగా ముగించుకుని సుబ్బణ్ణ ఇంటి గుమ్మంలో కూర్చునేది. మొదట అందరూ జాలిపడ్డారు. తరువాత పడుచుపిల్లలు సణిగారు, వాళ్లకు ప్రేమపాటలు కావాలి, ఈమె పడవపాట తప్ప ఇంకేదీ వెయ్యనివ్వదు. "పక్క పాటలేస్తే ముల్లు అరిగిపోతాది" అనేది. ఆ ప్లేటు మీద ఎవరైనా చెయ్యి వేస్తే కోప్పడేది. ఒకరోజు వాడి ఊపిరి ముందటిరోజులా లేదు, ఆయాసం వినిపిస్తోంది, జబ్బు చేసిందేమో అంది. సుబ్బణ్ణ నోరు తెరిచి చూశాడు. "అక్కయ్యా, అది అచ్చు పడిపోయిన పాట. వాడికి జబ్బు చేస్తే దీంట్లో యాడ ఇనపడతాది?" అన్నాడు. అమ్మకు ఆ ముక్క అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా లేదు. వాడు ప్రతి సాయంత్రం అక్కడికి వచ్చి పాడి పోతున్నట్టే ఆమె లెక్క. మా నాయన అది విని, మగ్గం మీది చీర కోసి దింపకుండానే, మరునాడు మద్రాసు రైలెక్కాడు. సగం నేసిన చీరను అలా వదిలి ఇల్లు కదలడం అశుభమని మా అవ్వ గడపకు అడ్డం కూర్చుంది. ఆయన దాటుకుని పోయాడు.

ఆయన లేని రోజుల్లో అమ్మ నారణ చొక్కాలు ఉతికి ఇస్త్రీ పెట్టించింది. మొహం ఎలా ఉంటుందో, మీసం వచ్చి ఉంటుందో లేదో అని నన్ను అడిగేది. నేను వచ్చి ఉంటుంది అనేదాన్ని. అయితే బాగుండదులే, తీయించేద్దాం అనేది. నవ్వేది కూడా. 

మిట్టమధ్యాహ్నం మా నాయన సందులోకి వచ్చాడు, ఒక్కడే. అమ్మ ఆయన వెనక్కి చూసింది. కాళ్లకు నీళ్లు ఇచ్చింది. మళ్లీ ఆయన వెనక్కి చూసింది.

"వాడు గాదు" అన్నాడు. "గుడియాత్తం పిల్లోడు. మనట్ల మగ్గం ఇండ్లోడే, తెలుగోడే. ఎవురో పెద్దాయన వచ్చినాడని లేచి నిలబడె. పాడమంటే పాడె. కండ్లు మూసుకొని వింటిని, మన నారణే. కండ్లు తెరిస్తే వాడు గాదు. వాళ్లింట్లో గూడా ఎడమకాలి చెక్క పట్టేస్తాదంట."

మా అవ్వ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మా నాయన లోకంలో మొరాయించే చెక్క మా ఇంట్లోదొక్కటే అనుకున్నాడు. అమ్మ కూడా అలాగే అనుకుంది. మగ్గం ఎరగనివాళ్లయితే ఆ పాటలో ఆ ఊపిరి వినేవాళ్లే కాదు, అంత ఆశ పెట్టుకునేవాళ్లూ కాదు. అమ్మ ఏడుస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె చెంబు కింద పెట్టి అడిగింది.

"వాళ్లమ్మకి తెలుసునా, వాడు ఆడ ఉండేది?"

"తెలీదంట. వాడూ చెప్పకుండా వచ్చేసినోడే. ఇప్పుడు చెప్పేదానికి మొగం చెల్లదనె."

"మద్రాసు దోవలో గుడియాత్తంలో రైలు నిలస్తాది గదా?"

"నిలస్తాది."

"మరి దిగకుండా యాల వచ్చేస్తివి?"

మా నాయన తల ఎత్తలేదు. "నా దుక్కంలో నేనుంటినే" అన్నాడు.  అమ్మ ఇస్త్రీ చొక్కాలు పెట్టెలో పెట్టి, మరునాటికి చిత్రాన్నం మూట కట్టడానికి నిమ్మకాయలు ఉన్నాయా అని చూసింది.

ఇప్పుడైతే ఇదంతా ఎంతసేపు? మా మనవరాలు ఆఫీసుకు పోయిన రోజున అక్కడినుంచి బయలుదేరితే దాని బండి ఏ మలుపులో ఉందో వాళ్లమ్మకు ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. పదినిమిషాలు చుక్క కదలకపోతే చందాపురలో ఉన్న వాళ్లమ్మ నాకు ఫోను చేసి గాభరా పడుతుంది. మంచిదే, ఈ వసతిని నేను తిట్టను, మా అమ్మకు ఆ చుక్క ఉంటే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేది. కానీ ఎవరి చుక్క వాళ్లు చూసుకుంటారు. ఎదురింటి పిల్ల రెండు రోజులుగా ఇంటికి రాలేదేమని నేను అడిగితే, "మనకెందుకు అవ్వా, అది ప్రైవసీ" అంది మా మనవరాలు. మా కబ్బన్‌పేటలో అలాంటి మాట లేదు. లేకపోవడం వల్ల ఎంత నోటిదురద ఉండేదో, ఎంత రచ్చ ఉండేదో కూడా నాకు తెలుసు. అయినా నన్ను కోరుకోమంటే ఆ రచ్చనే కోరుకుంటాను.

మరునాడు అమ్మా నాయనా నన్నూ వెంటబెట్టుకుని గుడియాత్తం పోయారు. అక్కడ ఆ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. సందుల్లో నడుస్తుంటే మా నాయన ఒకచోట ఆగిపోయాడు. లోపల మగ్గం ఆడుతోంది, ఒక దెబ్బ పొట్టి, ఒక దెబ్బ పొడుగు. పెద్దకొడుకు నేస్తున్నాడు. గంజి చేతులతో ఒక ఆవిడ బయటికి వచ్చింది. మా అమ్మ ఈడే. మెడలో ఎముకలు కనిపిస్తున్నాయి, మా అమ్మకు కనిపించినట్టే. మీవాడు మద్రాసులో ఉన్నాడు, బాగున్నాడు, మా ఆయన కళ్లారా చూసి వచ్చాడు అని అమ్మ చెప్పింది. ఆవిడ నమ్మలేదు. "మొగం చూస్తిరా, వీపు చూస్తిరా?" అని అడిగింది.  "మొగమే తల్లీ, మొగమే చూసె" అంటూ అమ్మ ఆవిడను పట్టుకుంది. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఇద్దరూ ఏడ్చారు. మీకెలా తెలిసింది, మీరెవరు అని ఆవిడ తేరుకుని అడిగితే అమ్మ చెప్పిన మాట ఇదే. "నా కొడుకని ఎతుకుతా పోతిమి. నీ కొడుకు దొరికె."

ఆ పిల్లాడు వారం తిరక్కుండా ఇంటికి వచ్చాడని తరువాత తెలిసింది. మా నారణ రాలేదు. ఆ ఏడూ రాలేదు, ఏ ఏడూ రాలేదు, ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. తిరుగు రైలు కోసం గుడియాత్తం స్టేషన్లో మేం ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ కట్టిచ్చిన అన్నం మూట నా ఒళ్లో వెచ్చగా ఉంది. రెండు పక్కలా పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి. ఒక రైలు వచ్చి ఆగింది, మాది కాదు. కిటికీల్లో బోలెడంతమంది మొహాలు. అమ్మ ఒక్కొక్క కిటికీనే చూసుకుంటూ పోయింది. రైలు కదిలి పోయాక మా నాయన వైపు తిరిగింది.

"మన నారణని గూడా ఎవురో ఒకరు చూసే ఉంటారు" అంది. "వాళ్ల బిడ్డ గాదని, దిగకుండా పోయింటారు."

మా నాయన అన్నం మూట నా ఒళ్లోంచి తీసుకుని, విప్పి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తినలేదు. మా రైలు వచ్చేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.